టామ్ రాబిన్సన్ చెయ్యి

మాస్టారు: ఆ నవలతో నా పేచీ ఒక తేదీ దగ్గర మొదలవుతుంది, లాయరుగారూ. 1935 ఏప్రిల్ 1. అలబామాలో నల్లవాళ్ళను జూరీలోకి రానివ్వకుండా ఏళ్ళ తరబడి తప్పించడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు ఆ రోజు తీర్పు చెప్పింది. నోరిస్ కేసు. మరి హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'లో టామ్ రాబిన్సన్ విచారణ ఎప్పుడు? అదే 1935 వేసవిలో, అదే అలబామాలో. ముద్దాయి నల్లవాడు. ఎదురుగా పన్నెండుమంది తెల్లవాళ్ళు. డిఫెన్సు లాయరు ఆటికస్ ఫించ్ శాసనసభ సభ్యుడు కూడా. తన రాష్ట్రం మీద సుప్రీం కోర్టు అంతకు మూడు నాలుగు నెలల ముందే ఇచ్చిన తీర్పు ఆయనకు తెలియకుండా ఉంటుందా? అయినా ఈ జూరీ చెల్లదని ఒక్క మాట అనడు.

లాయరు: తేదీ కాదనను. కాని కథ సాగేది ఆటికస్ కూతురు, ఎనిమిదేళ్ళ స్కౌట్ కళ్ళతో. ఆ పిల్ల, అన్న జెమ్, వాళ్ళ స్నేహితుడు డిల్ కోర్టు బాల్కనీకి చేరేసరికే జూరీ కూర్చుని ఉంది. జూరీని ఏరేటప్పుడు ఆటికస్ ఏం అభ్యంతరం పెట్టాడో, జడ్జి టేలర్ ఎందుకు కొట్టేశాడో పిల్లలు చూడలేదు. చూడనిదాన్ని జరగలేదని ఎలా అంటాం?

మాస్టారు: అది కోర్టులో చెల్లే వాదన, పుస్తకం విషయంలో చెల్లదు. తీర్పు వచ్చాక ఆటికస్ కొడుకుతో కూర్చుని జూరీ గురించి తీరిగ్గా మాట్లాడతాడు. ఆడవాళ్ళు జూరీలో ఎందుకుండరో చెబుతాడు. అది నిజమే, అలబామాలో ఆడవాళ్ళకు జూరీలో చోటివ్వాలని కోర్టు ఆదేశం వచ్చింది 1966లో. ఊళ్ళో వ్యాపారస్తులు జూరీలో కూర్చోకుండా ఎందుకు తప్పించుకుంటారో కూడా చెబుతాడు. నల్లవాళ్ళు ఎందుకు లేరన్నది మాత్రం ఆయనా చెప్పడు, పిల్లవాడూ అడగడు. ఆ లేకపోవడం ఎండావానల్లా ప్రకృతి పెట్టిన నియమం కాదు కదండీ. 1901లో కూర్చుని రాసిన రాష్ట్ర రాజ్యాంగం అది. ఓటుకు పన్ను పెట్టారు, చదువు పరీక్ష పెట్టారు. ఓటు వయసున్న నల్ల మగవాళ్ళు దాదాపు 1,81,000 మంది ఉన్న రాష్ట్రంలో రెండేళ్ళు తిరిగేసరికి ఓటరు జాబితాలో మిగిలింది 3,000 లోపు. ఓటుతో పాటే ఊరి వ్యవహారాల్లో మాట చెల్లుబాటు పోయింది, జూరీలో కుర్చీ పోయింది. నోరిస్ కేసులో జరిగినది వినండి. నల్లవాళ్ళ పేర్లూ జాబితాలో ఉన్నాయని చూపించడానికి జూరీ పుస్తకంలో కొన్ని పేర్లు తరువాత ఇరికించారు. లాయరు లీబోవిట్జ్ ఆ పుస్తకాన్ని సుప్రీం కోర్టుకు పట్టుకెళ్ళాడు. న్యాయమూర్తులు భూతద్దం పెట్టి చూశారు. నవల ఆ భూతద్దాన్ని పక్కన పెట్టేసింది.

లాయరు: పెట్టింది. లాయరుగా ఇక్కడ నేను మీతో ఒప్పుకోవాలి. కింది కోర్టులో లేవనెత్తని అభ్యంతరం పై కోర్టులో నిలబెట్టడం కష్టం. లీబోవిట్జ్ కింద పట్టుబట్టాడు కాబట్టే పైన గెలిచాడు. ఆ పిటిషన్ నేనైతే వేసేవాణ్ణి. విచారణ వేరే కౌంటీకి మార్చమనీ అడిగేవాణ్ణి. అయితే తరువాతి సంగతి కూడా చెప్పుకుందాం. నోరిస్ తీర్పు వచ్చాక, ఆ నవంబరులో, గ్రాండ్ జూరీలో ఒక నల్లజాతి మనిషిని కూర్చోబెట్టారు. ఆ గ్రాండ్ జూరీయే నోరిస్‌తో సహా ఆ కేసులోని కుర్రాళ్ళ మీద మళ్ళీ అభియోగం మోపింది. 1936 జనవరిలో మళ్ళీ పన్నెండుమంది తెల్లవాళ్ళే కూర్చుని వాళ్ళలో ఒకడైన హేవుడ్ ప్యాటర్సన్‌కు 75 ఏళ్ళ జైలు వేశారు. పైన గెలిచిన తీర్పు కింది కోర్టు గుమ్మం దగ్గర ఆగిపోయింది. హార్పర్ లీ ఆ గుమ్మం లోపలి గది గురించి రాసింది. చట్టం ఏం చెప్పినా అక్కడ కూర్చున్న పన్నెండుమంది ఏం చేస్తారన్నదే ఆమె పుస్తకం.

మాస్టారు: ఆ కుర్రాళ్ళంటే స్కాట్స్‌బరో కుర్రాళ్ళు. నవల వెనక ఉన్న చరిత్ర అదేనని అందరూ అంటారు, నేనూ పిల్లలకు అదే చెబుతూ వచ్చాను. 1931 మార్చి 25. పని వెతుక్కుంటూ గూడ్సు రైలెక్కిన తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళు. అందులో పన్నెండు పదమూడేళ్ళ వాళ్ళు కూడా ఉన్నారు. రైల్లో తెల్ల కుర్రాళ్ళతో కొట్లాట. పెయింట్ రాక్ అనే చోట రైలాపి పట్టుకున్నారు. అదే రైల్లో ఉన్న ఇద్దరు తెల్ల అమ్మాయిలు, విక్టోరియా ప్రైస్, రూబీ బేట్స్, తమ మీద అత్యాచారం చేశారని అన్నారు. పన్నెండు రోజుల తరువాత విచారణ మొదలైంది. ఒక లాయరు టెనెసీ నుంచి వచ్చిన ఆస్తి వ్యవహారాల మనిషి, ఇంకొకాయన డెబ్బైకి చేరువైన పెద్దాయన. నాలుగు రోజుల్లో ఎనిమిదిమందికి మరణశిక్ష. తొమ్మిదోవాడు మరీ పిల్లవాడు కావడంతో జూరీ శిక్ష మీద ఏకాభిప్రాయానికి రాలేకపోయింది.

లాయరు: ఆ కేసు నుంచే కదా మా వృత్తికి ఒక పెద్ద సూత్రం దక్కింది. మరణశిక్ష పడే కేసుల్లో ముద్దాయికి పేరుకు కాకుండా నిజంగా వాదించే లాయరుండాలని 1932లో సుప్రీం కోర్టు చెప్పింది. కాని మాస్టారూ, ఆ నవలకు మూలం స్కాట్స్‌బరో కాదు. హార్పర్ లీయే తరువాత ఒక ఉత్తరంలో తన మనసులో ఉన్నది అంత సంచలనం కాని కేసని రాసింది. ఆమె పుట్టి పెరిగిన మన్రోవిల్‌లోనే అలాంటి కేసుంది. ఆమె పుట్టింది 1926లో. 1933 చివర్లో, ఆమెకు ఏడేళ్ళప్పుడు, ఆ ఊరి దగ్గర ఒక పేద తెల్ల స్త్రీ వాల్టర్ లెట్ అనే నల్లజాతి కూలి మనిషి తన మీద అత్యాచారం చేశాడని చెప్పింది. మరుసటి ఏడు ఆ ఊరి కోర్టులోనే విచారణ జరిగింది. మరణశిక్ష వేశారు. ఊరి పత్రిక 'మన్రో జర్నల్' ఆ వార్తలు వేసింది. ఆ పత్రిక ఎడిటరు ఎవరనుకున్నారు? ఎ.సి. లీ. హార్పర్ లీ తండ్రి. లాయరు, శాసనసభ సభ్యుడు, ఆటికస్‌కు అచ్చు ఆయనే.

మాస్టారు: లెట్ కేసులో ఆయన వకాల్తా పుచ్చుకోలేదు కదా.

లాయరు: పుచ్చుకోలేదు. ఆయన అంతకు ముందే, 1919లో, ఒక తెల్ల దుకాణదారుణ్ణి చంపారన్న కేసులో ఇద్దరు నల్లవాళ్ళ తరఫున నిలబడ్డాడు. తండ్రీ కొడుకులు. ఇద్దరినీ ఉరి తీశారు. ఆ తరువాత జీవితంలో మళ్ళీ క్రిమినల్ కేసు ముట్టుకోలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక లాయరు ఒక పక్క పనికి తలుపులు పూర్తిగా మూసేశాడంటే లోపల ఏం విరిగిందో నాకు తెలుసు. పదిహేనేళ్ళు తిరిగేసరికి తన పత్రికలోనే లెట్ వార్త వేయాల్సి వచ్చింది. ఆ తండ్రి చేయని వాదన కూతురు నవలలో ఆయన చేత చేయించింది. చరిత్ర రాసింది కాదు ఆమె. చరిత్రలో ఖాళీగా ఉన్న కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టింది.

మాస్టారు: లెట్‌కు తరువాత ఏమైందో మీరు చెప్పలేదు.

లాయరు: చెబుతాను. ఊళ్ళో తెల్ల పెద్దమనుషులు కొందరు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు, అతను నిర్దోషి కావచ్చు, చంపకండి అని. శిక్ష అమలు వాయిదా పడింది. కరెంటు కుర్చీ ఉన్న జైల్లో, పక్క గదుల్లోని మనుషులు ఒక్కొక్కరే వెళ్ళి తిరిగి రాకపోవడం చూస్తూ లెట్‌కు మతి చలించింది. 1934లో మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. నల్లవాళ్ళ పిచ్చాసుపత్రికి పంపారు. 1937లో క్షయతో అక్కడే చచ్చిపోయాడు.

మాస్టారు: ఆ అర్జీ దగ్గర ఆగుదాం. నా దృష్టిలో మొత్తం కథ ఆ కాగితంలో ఉంది. వాళ్ళు రాక్షసులు కారు. అతను చేసి ఉండకపోవచ్చని అనుమానం వచ్చింది, సంతకాలు పెట్టడానికి చాలినంత అనుమానం. నిజంగా అనుమానం ఉంటే అడగాల్సింది ఏమిటి? విడిచిపెట్టమని. వాళ్ళు అడిగింది ప్రాణం తీయొద్దని. తెల్ల స్త్రీ మాట అబద్ధం కాకూడదు, నల్లవాడు చావకూడదు, ఊరికి అప్రతిష్ఠ రాకూడదు. మూడూ కుదిరే చోటు యావజ్జీవం. ఆ ఊరి మంచితనం కొలత సరిగ్గా అంత. నవలలో మన్రోవిల్ మేకూంబ్ అయింది, లెట్ టామ్ అయ్యాడు. మరి ఈ అర్జీ ఏమైంది? ఊరి మంచివాళ్ళ అసలు రంగు తెలిసే ఒక్క కాగితమూ పోయింది.

లాయరు: మీరన్నది బలమైన మాటే. కాని ఆమె ఆ కాగితాన్ని ఊరంతటా పరిచిందని నేనంటాను. జూరీ చాలాసేపు తర్జనభర్జన పడటం, ఆ ఆలస్యాన్నే పొరుగింటి మిస్ మాడీ ఒక చిన్న అడుగుగా లెక్కపెట్టుకోవడం. మిషనరీ సభలో ఆఫ్రికాలోని నల్లవాళ్ళ కోసం కళ్ళొత్తుకునే ఆడవాళ్ళు, అదే నోటితో ఇంట్లో పనిచేసే నల్లామె ముఖం ముడుచుకుందని విసుక్కోవడం. అర్జీ పెట్టినవాళ్ళ సంసారం అదే కదా. సంతకాలు చూపించకుండా సంతకం చేసిన చేతులు చూపించింది.

మాస్టారు: చూపించింది. ఆ టీ పార్టీ నవలలో అన్నిటికంటే నిజమైన భాగమని నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ చూపు చివరిదాకా నిలవదు. చివరికి నేరం ఎవరి నెత్తిన పడింది? టామ్ అత్యాచారం చేశాడన్న మేయెల్లా తండ్రి, బాబ్ ఈవెల్ నెత్తిన. చెత్తకుప్ప పక్కన బతికే తాగుబోతు. జూరీలో కూర్చున్నవాళ్ళూ పల్లెటూరి పేద తెల్లవాళ్ళే. ఊరి లాయర్లు, జడ్జి, షెరీఫు, పత్రికాయన అందరూ మంచివాళ్ళు. 1901 రాజ్యాంగం రాసింది ఎవరండీ? భూస్వాములు, లాయర్లు. ఓటు పన్నుతో బోలెడుమంది పేద తెల్లవాళ్ళ ఓటు కూడా ఊడబెరికినవాళ్ళు. వాళ్ళ వారసుల్ని కుర్చీల్లో గౌరవంగా కూర్చోబెట్టి, ఈవెల్‌ను దోషి చేస్తే చరిత్ర తలకిందులైంది.

ఆ మేయెల్లా సంగతే చూడండి. ఆటికస్ క్రాస్‌లో ఆ పిల్లను నిలదీసి, తెల్లపిల్ల నల్లవాణ్ణి కోరుకుంది కాబట్టి అబద్ధమాడుతోందని తేల్చాడు. ఒక దురభిప్రాయాన్ని కొట్టడానికి ఇంకో దురభిప్రాయాన్ని కర్రగా వాడాడు. అసలు చరిత్రలో రూబీ బేట్స్ ఏం చేసిందో తెలుసా? మిల్లులో పనిచేసే పేదపిల్ల. 1933లో డికేటర్ కోర్టుకు తనంతట తాను వచ్చి, నేను చెప్పింది అబద్ధం, ఏమీ జరగలేదు అంది. ఆ మే నెలలో ఆ కుర్రాళ్ళ తల్లులతో కలిసి వాషింగ్టన్‌లో ఊరేగింపులో నడిచింది. నిజమైన పేద తెల్లపిల్ల తిరగబడింది. నవలలో పిల్లకు ఆ దారే లేదు.

లాయరు: క్రాస్ గురించి ఒక్క మాట. ముద్దాయి ప్రాణం నిలబెట్టాలంటే అవతలి సాక్షి మాట కూలాలి. అది నా ధర్మం. లీబోవిట్జ్ విక్టోరియా ప్రైస్‌ను అంతకంటే కఠినంగా అడిగాడు. పేదపిల్ల అని ఆగితే టామ్ చస్తాడు. రూబీ బేట్స్ విషయంలో మీరు చెప్పింది నా దగ్గర జవాబు లేని మాట. కాని అప్పుడు కూడా జూరీ ప్యాటర్సన్‌కు మరణశిక్షే వేసింది. ఫిర్యాదు చేసిన పిల్లే అబద్ధమని చెప్పినా! ఇది నవలలో పెడితే పాఠకుడు నమ్మడు. చరిత్ర కొన్నిసార్లు నవలకు పనికిరానంత చెడ్డగా ఉంటుంది.

ఆ కేసులోనే ఒక మనిషి ఉన్నాడు మాస్టారూ. జడ్జి జేమ్స్ హోర్టన్. డికేటర్‌లో ఆ విచారణ నడిపిన అలబామా తెల్లాయన. 1933 జూన్‌లో జూరీ తీర్పును కొట్టేశాడు, సాక్ష్యం నిలవదు పొమ్మని. తరువాతి ఏడాది ఎన్నికల్లో ఓడిపోయి పొలం పనులు చూసుకున్నాడు. ఆటికస్ లాంటి తెల్లవాడు ఆ నేల మీద పుట్టడు అనేవాళ్ళకు నా జవాబు ఆయనే.

మాస్టారు: హోర్టన్‌కు నేను దణ్ణం పెడతాను. కాని మీరే తెచ్చారు కాబట్టి అడుగుతాను. హోర్టన్ న్యాయం చేసి పదవి పోగొట్టుకున్నాడు. ఆటికస్? టామ్ కేసు వాదించిన ఏడాదే మేకూంబ్ ఆయన్ని మళ్ళీ శాసనసభకు పంపింది, పోటీ లేకుండా. నల్లవాడి పక్షాన నిజంగా నిలబడిన తెల్లవాణ్ణి 1930ల అలబామా ఏకగ్రీవంగా ఎన్నుకుంటుందా? ఆ ఒక్క వాక్యంతో నవల ధైర్యానికి ధర తీసేసింది.

లాయరు: అవును.

మాస్టారు: ఆ 'అవును' మీరు ఇంత తేలిగ్గా అంటారనుకోలేదు.

లాయరు: తేలిగ్గా అనలేదు. ఆ వాక్యం దగ్గర నేనూ ఆగాను. ఆటికస్‌ను ఊరు ఎన్నుకోవడం ఆయన గొప్పతనం కాదేమో, టామ్‌ను చంపేశాక ఇక ఆయన వల్ల ప్రమాదం లేదని ఊరికి తెలుసేమో అని ఈ మధ్య అనిపిస్తోంది. అలా చదివితే అది నవలలోకెల్లా చేదు వాక్యం. ఆమె అలా రాసిందో లేదో చెప్పలేను.

మాస్టారు: ఆమెకు తెలుసు. 2015లో అచ్చయిన 'గో సెట్ ఎ వాచ్‌మన్' చూడండి. మాకింగ్‌బర్డ్ కంటే ముందు రాసింది అది. అందులో ఆటికస్ డెబ్బై దాటిన ముసలాయన, తెల్లవాళ్ళ సిటిజన్స్ కౌన్సిల్‌లో కూర్చుంటాడు, బడుల్లో నల్లపిల్లల్ని కలపొద్దంటాడు. ఆ కౌన్సిళ్ళు 1954లో మిసిసిపీలో మొదలయ్యాయి, బడుల్లో వేర్పాటు చెల్లదని సుప్రీం కోర్టు చెప్పిన రెండు నెలలకు. ఆమె మొదట రాసింది తన కళ్ళ ముందున్న కాలం. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళు వెనక్కి జరిపితే తండ్రి మళ్ళీ మచ్చలేనివాడయ్యాడు. నాకు బాధ కలిగించేది ఆ జరపడమే. ఆమె కలం పట్టిన ఆ రెండు మూడేళ్ళలో ఏం జరుగుతోంది? 1955 ఆగస్టులో మిసిసిపీలో పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ను చంపేశారు. తెల్లజూరీ గంట పైన ఏడు నిమిషాల్లో హంతకుల్ని వదిలేసింది. కొన్ని నెలలకు వాళ్ళే ఒక పత్రికకు డబ్బు పుచ్చుకుని, చంపింది మేమేనని చెప్పుకున్నారు. ఆ డిసెంబరులో మాంట్‌గొమరీలో నల్లవాళ్ళు బస్సులెక్కడం మానేసి ఏడాదికి పైగా నడిచారు. 1956 ఫిబ్రవరిలో హార్పర్ లీ చదివిన అలబామా విశ్వవిద్యాలయంలోనే ఆథరీన్ లూసీ అనే నల్లజాతి అమ్మాయి మూడు రోజులు క్లాసుకెళ్ళేసరికి మూక వెంటపడింది, యూనివర్సిటీ ఆ అమ్మాయినే బయటికి పంపింది. ఇదంతా వదిలి 1935కు వెళ్ళడం పాఠకుడికి ఊరట ఇవ్వడం కాదా? పాపం ఆ రోజుల్లో అలా ఉండేది అనుకునే ఊరట?

లాయరు: ఆ ఊరట కొందరికి దొరికి ఉంటుంది. కాని 1960 జులైలో ఆ పుస్తకం ఎవరి ఇళ్ళలోకి వెళ్ళిందో చూడండి. ఎమెట్ టిల్ తల్లి కొడుకు శవపేటిక తెరిచి ఉంచితే కళ్ళు తిప్పుకున్న ఇళ్ళు అవి. వార్త చదివి తలుపేసుకునే మనిషిని ఒక పిల్ల చెయ్యి పట్టుకుని బాల్కనీ మీద, నల్లవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, కింద జరిగే అన్యాయం చూడమంది. తెల్లపాఠకుడు కోర్టును పైనుంచి, ఆ వైపు నుంచి చూడటం చిన్న సంగతా? మార్టిన్ లూథర్ కింగ్ 1964లో రాసిన పుస్తకంలో అహింసా ధైర్యానికి ఉదాహరణగా ఆటికస్‌ను తీసుకున్నాడు. ఆయనకు మాంట్‌గొమరీ నేర్పాల్సిన అవసరం ఎవరికీ లేదు కదా. అయినా ఆ నవల ఆయనకు పనికొచ్చింది. 1966లో వర్జీనియాలో ఒక స్కూలు బోర్డు ఈ పుస్తకం నీతి లేనిదని తీసేయబోయింది. ఊరట ఇచ్చే పుస్తకానికి అంత భయపడతారా?

మాస్టారు: బాల్కనీ అన్నారు కాబట్టి బాల్కనీలోని మనుషుల గురించి మాట్లాడదాం. ఆ నవలలో వాళ్ళు చేసే అతి పెద్ద పని, ఓడిపోయిన ఆటికస్ వెళ్ళిపోతుంటే మౌనంగా లేచి నిలబడటం. టామ్ భార్య హెలెన్ భర్త చావువార్త వినగానే కూలిపోతుంది. అంతే. ఆ ఏళ్ళలోనే అసలు అలబామాలో నల్లవాళ్ళు ఏం చేస్తున్నారు? 1931లో టాలపూసా కౌంటీలో పంటలో వాటాకు సేద్యం చేసే నల్ల రైతులు సంఘం కట్టారు. క్యాంప్ హిల్ దగ్గర కాల్పులు జరిగాయి, వాళ్ళ నాయకుల్లో ఒకడైన రాల్ఫ్ గ్రేను చంపేశారు. అయినా సంఘం చావలేదు. స్కాట్స్‌బరో కుర్రాళ్ళలో ఇద్దరి తల్లి ఏడా రైట్, ఇళ్ళల్లో పాచిపని చేసుకునే మనిషి, 1932లో సముద్రం దాటి యూరప్ దేశాలెన్నో తిరిగింది. ఊరూరా సభల్లో నిలబడి నా బిడ్డల్ని చంపకండి అని అడిగింది. ఆ తల్లి నవలలోకి వస్తే ఏమయ్యేది లాయరుగారూ? ఆటికస్ చిన్నవాడైపోతాడు. అందుకే ఆమెను రానివ్వలేదు. మాంట్‌గొమరీలో మంగలి రేమండ్ పార్క్స్ ఆ కుర్రాళ్ళ కోసం రహస్యంగా చందాలు పోగుచేశాడు. ఆయన భార్య రోజా పార్క్స్. 1944లో అలబామాలో రీసీ టేలర్ అనే నల్లజాతి స్త్రీని చర్చి నుంచి ఇంటికి పోతుంటే ఆరుగురు తెల్లవాళ్ళు చెరిచారు. కేసు కూపీ లాగడానికి వెళ్ళింది అదే రోజా పార్క్స్. రెండు గ్రాండ్ జూరీలు కూర్చున్నాయి, ఒక్కడి మీదా అభియోగం పెట్టలేదు. 2011లో రాష్ట్ర శాసనసభ క్షమాపణ చెప్పింది. తెల్ల ఆడపిల్ల మాట మీద నల్లవాడు చావడం ఆ చరిత్రలో ఒక సగం. నల్ల ఆడదాని మాట గాలికి పోవడం రెండో సగం. ఆ సగం నవలలో లేదు.

లాయరు: ఏడా రైట్ గురించి విన్నాక మాట్లాడటం కష్టంగా ఉంది. ఒప్పుకుంటున్నాను. ఆ తల్లి పక్కన ఏ లాయరైనా చిన్నవాడే, లీబోవిట్జ్‌తో సహా. నా బాధ ఒకటే. హార్పర్ లీ తెల్ల లాయరు కూతురు. తనకు తెలిసిన ఇంటి గుమ్మంలో నిలబడి తనకు కనిపించినంత రాసింది. అవతలి ఇంట్లోకి దూరి ఏడా రైట్ గొంతుతో మాట్లాడి ఉంటే ఇవాళ మీరే అడిగేవారు, ఆ గొంతు వాడుకునే హక్కు నీకెక్కడిదని.

మాస్టారు: అడిగేవాణ్ణి. అందుకే ఆమె రాయకూడదని నేననడం లేదు. అరవై ఏళ్ళుగా స్కూళ్ళల్లో ఈ ఒక్క పుస్తకాన్నే ఆ కాలానికి మొత్తం సాక్ష్యంగా నిలబెట్టినవాళ్ళ మీద నా కోపం. అందులో నేనూ ఉన్నాను.

మన్రోవిల్ సంగతే చెబుతాను. పాత కోర్టు భవనం ఇప్పుడు మ్యూజియం. ఏటా వసంతకాలంలో ఊరివాళ్ళే ఆ నవలను నాటకంగా ఆడతారు. ప్రేక్షకుల్లోంచి పన్నెండుమంది తెల్ల మగవాళ్ళను పిలిచి జూరీగా కూర్చోబెడతారు. 1997లో లాయర్ల సంఘం అక్కడే ఆటికస్‌కు స్మారకం కట్టింది. ఇంతకూ 1987లో ఆ ఊళ్ళో ఏం జరిగింది? తెల్ల అమ్మాయి హత్య కేసులో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. హత్య జరిగిన పొద్దున అతను ఇంటి దగ్గర చర్చివాళ్ళతో చేపలు వేయిస్తున్నాడు, చూసినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. విచారణ మొదలు కాకముందే అతన్ని మరణశిక్ష ఖైదీల గదిలో పెట్టారు. ఒకటిన్నర రోజులో విచారణ అయిపోయింది. జూరీ యావజ్జీవం చాలంది, జడ్జి దాన్ని తోసేసి మరణశిక్ష వేశాడు. పట్టుకున్న ఆరేళ్ళకు, 1993లో, బయటి నుంచి వచ్చిన నల్లజాతి లాయరు బ్రయాన్ స్టీవెన్సన్ విడిపించాడు. మాకింగ్‌బర్డ్ ఊరది. ప్రతి ఇంట్లో ఆ పుస్తకం ఉంది. ఆ పుస్తకం వాళ్ళకు ఏం నేర్పింది?

లాయరు: ఆ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. పుస్తకం వాళ్ళను మార్చలేదు. కాని మాస్టారూ, వాల్టర్ లెట్ పేరు ఇవాళ మనకెందుకు తెలుసు? ఆ నవల లేకపోతే 1934 నాటి ఊరి పత్రిక కాగితాలు ఎవరు తిరగేసేవారు? అలాంటి లెట్లు ఆ రాష్ట్రంలో ఎంతమంది పోయారో, ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. ఈ ఒక్కడి పేరు మిగిలింది, ఆ నవల పుణ్యాన.

మాస్టారు: అది నిజం. దానికి నా దగ్గర ఎదురు లేదు. నాకూ లెట్ అలాగే తెలిశాడు. అయితే అతని పేరు తెలిసినప్పటి నుంచి నన్ను ఒకటే పీడిస్తోంది. టామ్ రాబిన్సన్ ఎడమ చెయ్యి. చిన్నప్పుడు పత్తి జిన్నులో పడి నలిగిపోయింది. మేయెల్లా ముఖానికి కుడివైపు దెబ్బలు. ఎడమచేతి వాటం మనిషి కొట్టి ఉండాలి. టామ్ లేచి నిలబడగానే నిర్దోషి అని బాల్కనీలో పిల్లలకు కూడా తెలిసిపోతుంది. పాఠకుడికి అనుమానమే రాదు. నల్లవాడి మాట నమ్మాల్సిన కష్టం రచయిత్రి పాఠకుడికి పెట్టలేదు, చెయ్యి చూస్తే చాలు. కాని లెట్‌కు చేతులు రెండూ బాగానే ఉన్నాయి. తనకేం సంబంధం లేదన్న మాట తప్ప అతని దగ్గర ఇంకేమీ లేదు.

లాయరు: కేసు కాయితాలు నా బల్ల మీదికి రాగానే నేను మొదట వెతికేది ఆ చెయ్యే. ఇరవై ఏళ్ళుగా. ముద్దాయి నిర్దోషి అనడానికి కళ్ళకు కనబడే ఏదో ఒకటి. నేరం రుజువు చేయాల్సింది అవతలివాళ్ళని చట్టం చెబుతుంది. అయినా వెతుకుతాను.

మాస్టారు: దొరకనప్పుడు?

లాయరు: దొరకనప్పుడు మన్రోవిల్ పెద్దమనుషులు చేసిందే చేశాను, చాలాసార్లు. శిక్ష తగ్గించమని అడిగాను.